ఈక్వల్ వేరు, ఫెయిర్ వేరు

బందరులో మేముండే ఇంటి మెట్ల మీద కూర్చుని కింద వాటా వాళ్ల అమ్మాయి మొన్నొక సాయంత్రం పరీక్షకు చదువుకుంటోంది. పైకి గట్టిగా చదవకపోతే దానికి బుర్రకెక్కదు. నేను చేటలో కందిపప్పు పోసుకుని, రాళ్లేరుతూ వింటున్నాను.

“ఈక్వల్ అంటే సమానము. ఫెయిర్ అంటే అందరినీ సమానముగా చూచుట. ఈక్వల్ అంటే సమానము...”

“ఏం చదువుతున్నావే?” అన్నాను.

“ఇంగ్లీషు ఆంటీ. దగ్గర దగ్గరగా ఉండే మాటలు రెండేసి ఇచ్చి తేడా రాయమంటారు.”

“మరి తేడా ఏదీ?”

“ఈ రెంటికీ లేదాంటీ. గైడులో రెండూ ఒకటే ఇచ్చాడు. ఫెయిర్ అంటే తెల్లగా ఉండటం అని కూడా ఉందట, అది మాకు సిలబస్‌లో లేదు.”

“గైడు రాసినవాడు ఎప్పుడైనా కాలవ చివర వ్యవసాయం చేశాడా?”

అది నా వంక జాలిగా చూసింది. “ఇది ఇంగ్లీషు ఆంటీ, సోషల్ కాదు” అని మళ్లీ మొదలెట్టింది.

చేట పక్కన పెట్టేశాను. చిన్న పిల్ల మీద కోపం దేనికి? కోపం ఆ గైడు మీద. ఆ గైడు మీద కూడా కాదేమో. ఈ రెండు మాటల్నీ ఒకే గాటన కట్టేసి, అక్కడితో తన పని అయిపోయిందనుకునే వాళ్లందరి మీదా.

నేను పదో తరగతితో చదువు ఆపినదాన్ని. లెక్కలంటే ఇష్టం కాబట్టి తర్వాత సొంతంగా నేర్చుకున్నాను. ఇళ్లు కట్టుకునేవాళ్లకు ఇటుకెంత, ఇసుకెంత పడుతుందో అంచనాలు వేసిపెడతాను. పిల్లలకు లెక్కలు చెబుతాను. ఇంగ్లీషు నాకు వాక్యంగా రాదు, మాటలుగా వచ్చు. ఈక్వల్ అనే మాట బళ్లో పరిచయమైంది. అప్పట్లో మేం ‘ఈజీక్వల్టు’ అని కలిపేసి, అదంతా ఒకటే మాటనుకునేవాళ్లం. ఫెయిర్ మాత్రం తలో చోటా తగిలింది. రఫ్ నోటులో గీకిందంతా శుభ్రంగా ఎక్కించుకునేది ఫెయిర్ నోటు. రేషన్ కొట్టు బోర్డు మీద కిరసనాయిలు మరకల వెనక ఫెయిర్ ప్రైస్ షాప్ అని ఉండేది. సంబంధాలు చూసే పెద్దమనిషి మా ఇంటికొచ్చి “పిల్ల ఫెయిరేనా?” అని అడిగినప్పుడు, నేను నల్లగా ఉంటాను కాబట్టి, మా అమ్మ మజ్జిగ ఇవ్వకుండానే ఆయన్ని పంపించేసింది. ఇన్ని వాడకాలు తెలిసినా, ఆ మాట అసలు అర్థం మాత్రం నాకు బళ్లో ఎవరూ చెప్పలేదు.

మా నానమ్మకు ఇంగ్లీషు అక్షరం ముక్క తెలియదు. ఆవిడ భాషలో ఒకటి సమానం, రెండోది సబబు. ఈ రెంటినీ ఆవిడ ఎప్పుడూ కలిపేది కాదు. ముసురు రోజున గారెలు వండితే వంటింటి గడప దగ్గర కూర్చుని పిల్లలందరికీ తనే పంచేది. నాకు చిన్నప్పట్నుంచీ ఎదుటివాళ్ల పళ్లెం లెక్కపెట్టే బుద్ధి. “అన్నయ్యకు నాలుగేశావు, నాకు మూడే” అని పేచీ పెట్టాను ఒకసారి. “వాడు పొద్దుటనగా వెళ్లి వానలో గేదెల వెంట తిరిగొచ్చాడు. నువ్వు అరుగు మీద కూర్చుని లెక్కపెట్టావు. నాలుగూ మూడూ సమానం కాదు, సబబు” అంది. నూనె వాసన, తడిసిన అన్నయ్య చొక్కా వాసన, ఆ మాట, మూడూ కలిసే గుర్తున్నాయి నాకు.

మా ఊరు దివిసీమలో, కోడూరు దాటి ఇంకా సముద్రం వైపు వెళ్తే వస్తుంది. కాలవ మా ఊళ్లోనే ఆఖరు. మా తర్వాత ఉప్పు నేల, మడ చెట్లు, ఆపైన సముద్రం. గాలి తిరిగిన రోజున ఎండుచేపల వాసన, బురద వాసన ఇంట్లోకి వచ్చేవి. మా బావి నీళ్లతో కందిపప్పు ఉడకదు. ఎంతసేపు పొయ్యి మీద ఉంచినా గింజ గింజగానే ఉంటుంది. బోరు దింపితే ఇంకా ఉప్పు. అందుకని మా పంటంతా కాలవ మీదే. పైవాళ్లకు నీళ్లు ఆలస్యమైతే చేను వాడుతుంది, మళ్లీ తడి తగిలితే లేస్తుంది. మాకు అలా కాదు. మడిలో మంచినీళ్లు నిలబడి ఉన్నంతసేపే ఉప్పు కింద అణిగి ఉంటుంది. నీళ్లు ఇంకిపోయాయా, అది పైకి లేస్తుంది. మడి అంచున తెల్లటి పూత కనపడుతుంది, నారాకుల కొసలు నిప్పు తగిలినట్టు కమిలిపోతాయి. అలా కాలిన మొక్క మళ్లీ లేవదు.

మా నాన్న గుడివాడలో రైసు మిల్లులో గుమాస్తా. ఆదివారాలు వచ్చేవాడు. మిగతా రోజుల్లో వ్యవసాయమంతా అమ్మదే. రెండెకరాల చేను, మూడు చెక్కలు. నీరు పెట్టడానికి తనే పార భుజానేసుకుని వెళ్లేది. ఊళ్లో మొదట్లో నవ్వారట. తర్వాత అలవాటు పడ్డారు.

నేను చెప్పేది వానలు మొహం చాటేసిన ఒక శ్రావణం సంగతి. నాట్లు పడ్డాయి, మొక్క ఇంకా నేలను పట్టుకోలేదు. కాలవకు పైనుంచే నీళ్లు తక్కువ వదులుతున్నారు. ఆ కొంచెం నీళ్లనూ రెండూళ్లు వంతు వేసుకోవాల్సి వచ్చింది. ఒకటి మాది. రెండోది మాకు మూడు మైళ్లు ఎగువన, కాలవకు నీళ్లు వదిలే లాకు పక్కనే ఉండే పై ఊరు. అది మా అమ్మ పుట్టిల్లు. అక్కడ ఏ తగవు వచ్చినా కూర్చుని తేల్చే పెద్దమనిషి మా పెద్ద మావయ్య, అంటే మా అమ్మ సొంత అన్నయ్య.

మావయ్య చెడ్డవాడు కాదు. అది ముందే చెప్పాలి. ఒకరి గట్టు జానెడు జరపడు, జరపనివ్వడు. తెల్లటి పంచె, జేబులో గొలుసు గడియారం. పిల్లలు జామకాయలు కోస్తే తిట్టేవాడు కాదు, “పచ్చివి కోయకండిరా, కడుపునొప్పి వస్తుంది” అని మంచివి చూపించేవాడు. వంతు విషయంలో ఆయన చెప్పిన తీర్పు రెండు ముక్కలు. ఒక పగలు వాళ్లకు, ఒక పగలు మాకు. పొద్దు పొడవగానే లాకు కాపలా ఉండే లస్కరు దాని తలుపులెత్తాలి, పొద్దు గుంకగానే దించాలి. ఒక ఊరి వంతు రోజున రెండో ఊరివాళ్లు తూములు ముయ్యాలి.

“పగలుకు పగలు. చింతగింజంత తేడా లేదు” అన్నాడు. రెండూళ్ల వాళ్లూ తలలూపారు. మా ఊరివాళ్లూ ఊపారు. అలా చెబితే ఎవరైనా ఊపుతారు.

మా రెండో వంతుకు ముందురోజు నేను మావయ్య వాళ్లింట్లోనే ఉన్నాను. వంతు రోజు తెల్లారగట్ల అత్తయ్య చద్దన్నంలో గడ్డపెరుగు వేసి, మాగాయ ముక్క నంజుకోమని ఇచ్చింది. తినేసి బావతో కలిసి లాకు దగ్గరికి పరిగెత్తాను. బావ అంటే మావయ్య కొడుకు, నాకంటే ఏడాది పెద్ద. పిల్లలకు అప్పట్లో నీళ్లతో నడవడం అని ఒక ఆట ఉండేది. ఎండిన కాలవలోకి నీళ్లు వదిలినప్పుడు, నీళ్ల ముందు కాలవ అడుగున నడవాలి. నీళ్లు మడమ తాకితే ఓడిపోయినట్టు.

నీళ్లు కాలవ నిండా వచ్చేస్తాయనుకుంటారు చూడనివాళ్లు. రావు. ముందొక నాలుకలాగా సన్నగా వస్తాయి, నురగ, ఎండుటాకులు, చీమలు మోసుకుంటూ. నెర్రె కనపడితే అక్కడాగి, అది నిండేదాకా కదలవు. ఎండిన మట్టి తాగుతుంటే చిన్నగా సుయ్యిమని చప్పుడొచ్చేది. నెర్రెల్లోంచి పీతపిల్లలు పైకొచ్చేవి. ఆ తడి మట్టి వాసనకు ఆకలేసేది నాకు. బావ ఒక పీతపిల్లను పట్టి నా జడ మీద వేశాడు, నేను వాణ్ణి తుంగలోకి తోశాను. అయినా నీళ్లు మమ్మల్ని అందుకోలేదు. వాటి కోసం మేమే ఆగి ఆగి నడిచాం. దారిలో గట్టు మీద కూర్చుని తుంగగడ్డలు తవ్వుకుని తిన్నాం కూడా.

మా ఊరి పొలిమేర చేరేసరికి నా నీడ నా కాళ్ల కిందికి వచ్చేసింది.

అమ్మ మా తూము దగ్గర పార పట్టుకుని నిలబడి ఉంది. “వచ్చాయమ్మా” అని అరిచాను. అమ్మ నీళ్ల వంక చూడలేదు. తలెత్తి పొద్దు వంక చూసింది.

పొద్దు గుంకేసరికి మొదటి చెక్క తడిసింది, రెండో చెక్క సగం తడిసింది. సముద్రం వైపు ఉన్న మూడో చెక్కకు చుక్క రాలేదు. అక్కడ లాకు దించేశారు. మాకు ఎగువన కాలవలో నిలిచిన నీళ్లయినా తర్వాత వస్తాయిగా అని ఇప్పుడు కొందరు అడుగుతారు. రావు. మర్నాడు పై ఊరి వంతు. వాళ్లు తమ ఆఖరి తూము కింద అడ్డుకట్ట వేసుకునేవాళ్లు. తమ వంతు రోజున తమ నీళ్లు ఆపుకోవడం తప్పు కాదు కదా. కట్టకు ఇవతల ఉన్న కాస్తా ఆ మూడు మైళ్ల మట్టీ తాగేసేది. మళ్లీ మా వంతు వచ్చేసరికి కాలవ మళ్లీ నెర్రెలే.

వాళ్ల వంతు రోజున తలుపెత్తగానే నీళ్లు చేలో ఉంటాయి. మా వంతు రోజున సగం పగలు కాలవే తాగుతుంది. అయినా పగలుకు పగలే. లెక్క ఎక్కడా తప్పు లేదు. ఆ పొద్దంతా నీళ్లతో నడిచాను కాబట్టి నాకది చిన్నప్పుడే తెలిసింది. తప్పు లేని లెక్కలో ఒకరి చేను ఎండిపోవచ్చు.

ఆదివారం నాన్న వస్తే అమ్మ చెప్పింది. నాన్న కాళ్లు కడుక్కుంటూ విన్నాడు.

“మీ అన్నయ్యతో నువ్వే మాట్లాడు. నేను ఆ ఇంటి అల్లుణ్ణి. నేనడిగితే నీళ్లడిగినట్టు ఉండదు, మర్యాద అడిగినట్టు ఉంటుంది” అన్నాడు.

“పుట్టింటివాళ్లను అడిగి లేదనిపించుకుంటే ఆ గుమ్మం తొక్కలేవు అమ్మాయ్, ఆలోచించుకో” అంది నానమ్మ.

“గుమ్మం సంగతి తర్వాత అత్తయ్యా. మూడో చెక్క అంచున పూత లేస్తోంది” అంది అమ్మ.

నన్ను వెంటబెట్టుకుని వెళ్లింది. మావయ్య వసారాలో నలుగురు పెద్దవాళ్లు కూర్చుని చుట్టలు కాలుస్తున్నారు. వాళ్లలో అమ్మ బాబాయ్ అని పిలిచే ఒకాయన ఉన్నాడు. మాటకు ముందే నవ్వే మనిషి. అమ్మ స్తంభం పక్కన నిలబడి చెప్పింది.

“నాకు ఎక్కువ పొద్దు వద్దన్నయ్యా. మా వంతును లాకు ఎత్తిన దగ్గర్నుంచి కాకుండా, నీళ్లు మా పొలిమేర తాకిన దగ్గర్నుంచి లెక్కపెట్టించు.”

“ఆడపడుచు ఈసారి లాంఛనాలు నీళ్ల రూపంలో అడుగుతోందిరోయ్” అన్నాడు ఆ బాబాయ్. అందరూ నవ్వారు. మావయ్య నవ్వలేదు.

“లాకు ఎత్తడం నా కళ్లతో చూస్తాను, దించడం చూస్తాను. మధ్యలో కాలవ ఎంత తాగిందో నేనెక్కడ చూడను? దానికి నా పూచీ ఏముంది?” అన్నాడు.

“నడిచొస్తే తెలుస్తుంది నాన్నా, మేం నడిచాం. మధ్యాహ్నమైపోయింది” అన్నాడు బావ గుమ్మం లోంచి.

“మీరు ఆడుకుంటూ నడిచారు” అన్నాడు మావయ్య. అమ్మ వంక తిరిగాడు. “పిల్లలు చెప్పింది అబద్ధమని నేననను. కానీ అది నా చెల్లెలి ఊరు. నీకు ఒక ఘడియ ఎక్కువ ఇప్పించానంటే రేపు ఈ వసారాలో ఎవడూ నా మాట వినడు. పరాయి ఊరైతే ఆలోచించేవాణ్ణి. అందరికీ సమానం అన్నాను. సమానమే.”

“సమానం సరే. సబబేనా అన్నయ్యా?” అంది అమ్మ.

“రెండూ ఒకటేగా” అన్నాడు మావయ్య.

ఇదిగో, ఈ మాటే నేను మొన్న మెట్ల మీద మళ్లీ విన్నది.

మేం తిరిగి వచ్చేశాం. ఆయనకు చెల్లెలు కావడమే అమ్మ చేసిన తప్పయింది. పరాయిదైతే వినేవాడట. న్యాయంగా ఉన్నానని పదిమందికీ కనపడటం కోసం ఒక మనిషి తన సొంత మనిషికి అన్యాయం చేస్తాడు, దాన్ని చూసి ఊరంతా ఎంత ధర్మాత్ముడో అంటుంది. నాకు ఇప్పటికీ ఒళ్లు మండే సంగతి ఇదే.

మూడో రోజున మావయ్య పంపిన బండి మా వాకిట్లో ఆగింది. బండిలో రెండు బస్తాల బియ్యం, ఒక గుమ్మడికాయ, నాకు జామకాయలు. బండితో వచ్చిన పాలేరు తలపాగా తీసి, “చేను దెబ్బతింటే ఇబ్బంది పడతారని అయ్యగారు పంపారండీ” అన్నాడు.

“చేను దెబ్బతింటుందని అన్నయ్యకు తెలుసన్నమాట” అంది అమ్మ.

అమ్మ అతనికి అన్నం పెట్టింది, ఎద్దులకు కుడితి పెట్టింది, బస్తాలు బండిలోనే ఉంచి వెనక్కి పంపేసింది. “బియ్యం వద్దని చెప్పు. మా బియ్యం మమ్మల్ని పండించుకోనివ్వమని చెప్పు” అంది. జామకాయలు మాత్రం నానమ్మ దించుకుంది. పిల్లకు పంపినవి వెనక్కి పంపకూడదంది.

ఆ తర్వాతి వంతుకు ముందే తాతయ్య సంవత్సరీకం వచ్చింది. అమ్మా మావయ్యల నాన్న పోయి అప్పటికి ఏడాది. మావయ్య ఇంటి ముందు తాటాకు పందిరి వేసి రెండూళ్లనూ భోజనాలకు పిలిచారు. పెరట్లో గాడిపొయ్యి మీద గుమ్మడికాయ పులుసు ఉడుకుతుంటే ఇంగువ వాసన వీధి చివరికి వచ్చేది. గారెలు, పరమాన్నం, పెసరపప్పు, చల్ల మిరపకాయలు. మేం పిల్లలం వంటల దగ్గర తచ్చాడుతూ వేడి గారెలు కొట్టేశాం. బావ ఒకటి జేబులో దాచుకుని తొడ కాల్చుకున్నాడు.

పంక్తి వేశారు. పై ఊరి పెద్దవాళ్లు ముందే వచ్చారు కాబట్టి మొదటి ఆకుల దగ్గర కూర్చున్నారు. మా ఊరివాళ్లు ఎండలో మూడు మైళ్లు నడిచొచ్చారు కాబట్టి చివరి ఆకులు దొరికాయి. ఎవరూ కావాలని చేసింది కాదు. ఆ ఇంటి ఆడబిడ్డగా అన్నం వడ్డించేది మా అమ్మ. మావయ్య పందిరి గుంజ పక్కన నిలబడి వడ్డన చూస్తున్నాడు.

అమ్మ అన్నం బుట్ట పట్టుకుని మొదటి ఆకు నుంచి వడ్డించుకుంటూ వచ్చింది. అందరూ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. మావైపు చివరి ఆకుకు అన్నం పడేదాకా మొదటి ఆకువాడు మెతుకు ముట్టడు. పిల్లవాడు తొందరపడితే తొడ మీద గిల్లుతారు. పంక్తి సగానికి వచ్చాక అమ్మ బుట్ట కింద పెట్టి నిలబడింది.

“ఏమ్మా, అన్నం చాల్లేదా?” అన్నాడు మావయ్య.

“బుట్ట నిండా ఉందన్నయ్యా.”

“మరి ఆగావేం?”

“వడ్డనకు ఇంతసేపని అనుకున్నాను. సగంసేపు ఈ వైపుకు, సగంసేపు ఆ వైపుకు. ఇక్కడిదాకా నడిచి వచ్చేసరికి ఆ వైపు వంతు కూడా అయిపోయింది. దానికి నా పూచీ ఏముంది?”

పెరట్లో గరిటె తగిలిన శబ్దం వినపడుతోంది. వసారాలో నవ్విన బాబాయ్ మొదటి ఆకు దగ్గరే ఉన్నాడు. అమ్మ ఆయన వంక తిరిగింది.

“మీరు తినండి బాబాయ్. మీ ఆకులో ఉందిగా.”

“చివరాకు ఖాళీగా ఉంటే ఎలా చెయ్యి పెట్టమంటావమ్మా?” అన్నాడాయన. ఆ రోజు నవ్వలేదు.

“కాలవ దగ్గర ఎలా పెడుతున్నారో నేనూ అదే అడుగుతున్నాను” అంది అమ్మ.

మావయ్య మొహంలో రక్తం లేదు. వంగి బుట్ట తనే ఎత్తుకుని చివరిదాకా వెళ్లి, మా ఊరివాళ్లకు ఒక్కొక్కరికీ తన చేత్తో వడ్డించాడు. చివరి ఆకు దగ్గర దణ్ణం పెట్టి, “భోంచెయ్యండి” అన్నాడు. అమ్మ వైపు చూడకుండా లోపలికి వెళ్లిపోయాడు. జనం తిన్నారు. పరమాన్నం బాగుందని కూడా అన్నారు.

సాయంత్రం బయల్దేరుతుంటే అత్తయ్య బొట్టు పెట్టి రవికెల గుడ్డ ఇచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“నువ్వన్నదాంట్లో తప్పు లేదు వదినా. కానీ మామగారి సంవత్సరీకం రోజున అన్నావు.”

“మిగతా రోజుల్లో అంటే విన్నారా వదినా?” అంది అమ్మ.

మా తర్వాతి వంతు రోజు పొద్దున్నే మావయ్య పాలేరు మా పొలిమేరకు వచ్చి, కాలవ గట్టున ఒక సరుగుడు గుంజ పాతాడు. “నీళ్లు ఈ గుంజ తాకాకే వంతు మొదలండీ. దాన్నిబట్టి మర్నాడు ఎప్పటిదాకా వదలాలో లస్కరుకు చెప్పారు అయ్యగారు” అన్నాడు. మా ఊరివాళ్లు అమ్మ చుట్టూ మూగారు. నవ్విన నోళ్లే పొగిడాయి. అమ్మ వాళ్ల మధ్యలోంచి తల పక్కకు వంచి గట్టు పొడుగునా చూసింది.

“అన్నయ్య రాలేదా?”

“రారండీ” అన్నాడతను. ఇవాళ రారనా, ఇక రారనా అని అమ్మ అడగలేదు.

ఆ ఏడు రెండు చెక్కలు దక్కాయి. మూడోది అప్పటికే కాలిపోయింది. తర్వాత వానలు వెనకబడ్డ ప్రతి ఏడూ మా వంతు పొలిమేర నుంచే లెక్కపెట్టారు. మా ఊరంతా తిన్నది ఆ నీళ్ల పంటే. మావయ్య మాత్రం మా ఇంటి గుమ్మం ఎక్కలేదు. కార్తికంలో అన్నదమ్ములు అక్కచెల్లెళ్ల చేతి భోజనానికి వచ్చే రోజున అమ్మ ఆయనకిష్టమని కందబచ్చలి పులుసు పెట్టి, సాయంత్రం దాకా మూత తియ్యలేదు. నాన్న, “పిల్లలకు పెట్టవే, పాడైపోతుంది” అన్నాక తీసింది. ఆ తర్వాత ఆ పులుసు మా ఇంట్లో వండలేదు. దారిలో ఎదురుపడితే మావయ్య నన్ను పలకరించేవాడు, చదువు సంగతి అడిగేవాడు. అమ్మ సంగతి అడిగేవాడు కాదు. ఆయన పోయినప్పుడు అమ్మ వెళ్లింది. ఆడవాళ్ల మధ్యలో ఓ పక్కగా కూర్చుని, చీకటి పడకముందే వచ్చేసింది.

ఇప్పుడా కాలవ పొడుగునా రొయ్యల చెరువులు. వంతును ఇప్పుడు ఆన్ అండ్ ఆఫ్ అంటున్నారు. మొన్న వేసవిలో మా ఊరివాళ్లు పిలిస్తే ఒక మీటింగుకు వెళ్లాను. చల్లటి గదిలో ఒకాయన తెర మీద గీతలు చూపించి, అన్ని ఊళ్లకూ ఈక్వల్‌గా ఇస్తున్నామన్నాడు. వెనక వరసలో మా శివారు రైతులు తలలూపారు. ఊపొద్దని వాళ్ల భుజాలు పట్టుకుని ఆపాలనిపించింది.

ఈక్వల్ తేలిక. లాకు దగ్గర నిలబడి జేబులోంచి గడియారం తీస్తే చాలు. ఫెయిర్ అలా కాదు. దానికి చివరిదాకా నడిచి వెళ్లాలి, అక్కడి మనిషికి ఏం చేరిందో కళ్లతో చూడాలి. అంత నడక ఇష్టం లేనివాళ్లే రెండూ ఒకటే అంటారు. వాళ్లు చదువుకున్నవాళ్లయినా, పెద్దమనుషులైనా, గైడులు రాసేవాళ్లయినా సరే.

కిందటేడు గుడివాడలో ఒక నిశ్చితార్థంలో బావ కనిపించాడు. జుట్టంతా తెల్లబడింది, మనిషి ఒళ్లు చేశాడు. వాళ్ల అమ్మాయిలు, మా పిల్లలు, మోకాళ్ల నొప్పులు, అన్నీ అయ్యాక నేనే ఆ శ్రావణం సంగతి ఎత్తాను.

“ఇంకా అదే మోస్తున్నావా?” అని నవ్వాడు. “మీ అమ్మ పందిట్లో మా నాన్న పరువు తీసింది. మా నాన్న మీ ఇంటికి రావడం మానేశాడు. ఇద్దరూ పట్టుదల మనుషులే. చెల్లుకు చెల్లు.”

నాతో ఆ పొద్దంతా ఎండిన కాలవలో నడిచినవాడే ఆ మాట అన్నాడు. దానికి జవాబు నాకు ఇంటికొచ్చే బస్సులో తట్టింది. మా అమ్మ ఎవరి నీళ్లూ అడగలేదు, తనవే అడిగింది. అవి ఇచ్చినందుకు ఆవిడ పుట్టిల్లు తీసేసుకున్నారు. అమ్మకు నీళ్లూ రావాలి, అన్నయ్యా రావాలి. రెండూ ఆవిడవే. అందులో ఒకటే ఎంచుకొమ్మనే హక్కు ఎవరికీ లేదు. ఆ మాట మావయ్యకు చెప్పగలిగిన పెద్దవాళ్లు ఆ రోజు పంక్తి నిండా ఉన్నారు. భోంచేశారు, చేతులు కడుక్కున్నారు, వెళ్లిపోయారు.